ఎనిమిదిలో పట్టని ఎనిమిది

పనిచేసే తుపాకిని పనికిరానిదని రాశారు. తుపాకిలో ఏ లోపమూ లేదు. దానిది కాని తూటా పెట్టి చూశారు, అది లోపలికి పోలేదు, తప్పు తుపాకిదే అన్నారు. ఇన్నేళ్లయింది, ఇప్పటికీ తలచుకుంటే నాకు చెవులు వేడెక్కుతాయి.

చిన్నవాళ్లు మీకు ఇది పెద్ద అన్యాయంలా కనపడకపోవచ్చు. అన్నది మనిషిని కాదు కదా, ఇనుమును కదా అంటారు. ఆ ఇనుముతోనే ఒక జీవితకాలం పనిచేసినవాణ్ని నేను. నాకు అట్లా అనిపించలేదు.

సిద్దిపేటలో లాల్ కమాన్‌కు కాస్త అవతల ఒక తుపాకుల దుకాణం ఉండేది. ఇప్పుడు ఆ జాగాలో సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. మా దుకాణం బోర్డు మీద చేర్యాల నకాషీ కళాకారుడు వేసిన పెద్దపులి ఉండేది. ఆయన జన్మలో పులిని చూడలేదు. పటాల మీద దేవుళ్లకు వేసే పెద్ద పెద్ద కళ్లే దానికీ వేశాడు, మూతి మీద కొంచెం నవ్వు కూడా పెట్టాడు. వేట బందయిన తర్వాత ఒకసారి మా సేఠ్‌ను అడిగాను.

"సేఠ్ సాబ్, వేటనే లేదాయె. ఇగ పులి బొమ్మ ఎందుకు? చెరిపిద్దామా?"

"నక్కో మియా, వద్దు. వేట బందయిందని దానికి గూడ తెలిసింది. గందుకే నవ్వుతుంది, నవ్వనియ్యి."

సేఠ్ అంటే దుకాణం యజమాని. దక్కనీ ఉర్దూ, తెలుగు కలిపి ఒకే వాక్యంలో మాట్లాడే మనిషి. ఆయన కౌంటరు మీద కూర్చుంటే, వెనక గదిలో మా మిస్త్రీ ఉండేవాడు. అందరం ఆయన్ని చిచ్చా అనేవాళ్లం. చిచ్చా పడుచుతనంలో దొరల వేట గుడారాల్లో తుపాకులు తుడిచి వచ్చినవాడు. వాళ్లిద్దరి మధ్య నేను. కౌంటరు పని, మరమ్మతు పని, బ్యాంకు గార్డుల తుపాకులు సాఫ్ చేసి ఇచ్చే పని, అన్నీ నావే.

నేను బడికి పోయింది తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు తూటా పెట్టెల మీద చదివి నేర్చుకున్నాను. సేఠ్ దగ్గర ఏళ్ల వారీగా పాత విదేశీ కేటలాగులు ఉండేవి, అట్టలు ఊడిపోయి, పేజీలు పసుపు రంగుకు తిరిగి. మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు అవి చదవడమే నా కాలేజీ. ఏ తూటా పొడవెంత, వేగమెంత అన్నీ బట్టీ పట్టాను. ఎవరూ అడగలేదు. అయినా చెప్పేవాణ్ని.

మా చాయ్ వేళల్లో నడిచే తగాదా ఒకటే. పాత తూటా గొప్పదా, కొత్త తూటా గొప్పదా? విదేశాల్లో ఏటా ఒక కొత్త రైఫిల్ తూటా పుట్టుకొచ్చేది. ఇది చిరుతకంటే వేగం, ఇది గీత గీసినట్టు పోతుంది అని కేటలాగుల్లో రాసేవాళ్లు. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ పేరు కేటలాగులో కనపడేది కాదు. పాతవి మాత్రం అట్లాగే ఉండేవి. చిచ్చా పాతవాటి పక్షం.

"కొత్తయి పెండ్లికొచ్చిన చుట్టాల లెక్క. బగ్గ చప్పుడు జేసి పోతరు. పాతయి ఇంటోళ్లు. యాడికి పోరు" అనేవాడు.

నేనూ ఆ పక్షమే. సేఠ్ ఏ పక్షమూ కాదు. "జో మిల్తా వోచ్ అచ్ఛా. దొరికేదే మంచిది" అని చాయ్ సాసర్లో పోసుకుని తాగేవాడు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది. వ్యాపారి మాట అనుకునేవాణ్ని.

ఇక ఎనిమిది సంగతి. మా దగ్గరికి వచ్చే రైఫిళ్లలో రెండు రకాలు ఎక్కువ. ఒకటి దొరల కాలంలో జర్మనీ నుంచి వచ్చింది. రెండోది మన సర్కారు కార్ఖానాలో తయారయ్యేది. రెండింటినీ జనం "ఎనిమిది" అనే అనేవాళ్లు. తూటా కొసన ఉండే గోలీ మందం ఇంచుమించు ఎనిమిది మిల్లీమీటర్లు కాబట్టి. లైసెన్సు మీద కూడా ఎనిమిది అనే రాసేవాళ్లు. కానీ గోలీని పట్టుకుని ఉండే ఇత్తడి గొట్టం, మేం ఖోకా అనేది, రెండింటికీ వేరు. దేశీదాని ఖోకా పొట్ట కాస్త లావు, అడుగున అంచు బయటికి ఉంటుంది. జర్మన్‌ది సన్నం, పొడవు, అంచు ఉండదు. ఒకే మూత సరిపోయే రెండు కుండలు ఉన్నాయనుకోండి. మూత ఒక్కటే కదా అని రెండూ ఒకే ఉట్టిలో పడతాయా? ఉట్టిలో పెట్టాలంటే చూడాల్సింది పొట్టను. దుకాణంలో మేం మాత్రం అంతా కలిపి ఎనిమిది అనే అనేవాళ్లం. ఏ ఎనిమిది అన్నది తుపాకి చూసి తెలుసుకునేవాళ్లం. తుపాకి చూడకుండా తూటా ఇచ్చే రోజు వస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఎనభైలు పోయి తొంభైలు వస్తున్న రోజులు. ఊళ్లలో ఉన్న లైసెన్సు తుపాకులన్నీ తెచ్చి చూపించాలని తాఖీదు వచ్చింది. పేలితే సరే, పేలకపోతే అప్పగించి పోవాలి. ఊరి బయట పాత కంకర క్వారీలో పేల్చి చూసేవాళ్లు. ఏదైనా ఇరుక్కుంటే తీయడానికి మా దుకాణం వాళ్లను రమ్మనేవాళ్లు.

ఆ రోజు వచ్చినవాళ్లలో ఒక ఆడమనిషి ఉంది. కుకునూరుపల్లి వైపు ఊరు. నాకంటే పెద్దది, నన్ను తమ్మీ అనేది, నేను అక్కా అనేవాణ్ని. భర్త అంతకు ముందు ఏడాది పోయాడు. చేను, తుపాకి, పంట కాపలా లైసెన్సు ఆమె పేరుకు వచ్చాయి. మక్క, అంటే మొక్కజొన్న చేను. పక్కనే గుట్ట. గుట్ట నిండా అడవి పందులు. కంకి పాలు పట్టే వేళకు మంద దిగితే తెల్లారేసరికి చేను చాప పరిచినట్టు అవుతుంది. వాటిని చంపడానికి కాదు, గాలిలోకి ఒకటి పేల్చి బెదరగొట్టడానికి ఆ తుపాకి. ఆమె తుపాకి జర్మన్ ఎనిమిది. ఆమె మామ కొన్నది, భర్త వాడింది. కర్ర మీద గీత లేదు, ఇనుము మీద చుక్క తుప్పు లేదు.

ఉదయం ఒక జవాను దుకాణానికి వచ్చి, "సేఠ్, క్వారీకాడ పేల్సనీకె ఎనిమిదియి కొన్ని ఇయ్యి" అన్నాడట. సేఠ్ చేతికి అందిన పెట్టె తీసి ఇచ్చాడు. అందినవి దేశీవి. అవే కదా ఎప్పుడూ అమ్ముడుపోయేవి! నేను పనిముట్ల సంచీతో క్వారీ చేరేసరికి ఆ జవాను ఆమె తుపాకిలో తూటా కుక్కుతున్నాడు. సగం పోయి ఆగింది.

"సార్, పడ్తలేదు."

తనిఖీ చేసే సారు కోస్తా మనిషి. ఎండలో కుర్చీ వేసుకుని చెమట తుడుచుకుంటున్నాడు. "ఎనిమిదే కదయ్యా తెచ్చింది?"

"ఎనిమిదే సార్."

"తుపాకీ?"

"గది గూడ ఎనిమిదే సార్."

"ఎనిమిదిలో ఎనిమిది పట్టకపోతే ఇంకేం తుపాకీ అది? పనికిరాదని రాసేయండి."

నేను ఉరికాను. "ఆగుండ్రి సార్! గది జర్మన్ ఎనిమిది, గిది దేశీ ఎనిమిది. రెండు వేరే సార్!"

"నువ్వెవరివయ్యా?"

"తుపాకుల దుకాణంల పనిచేస్త సార్."

"మరి ఈ తూటాలిచ్చింది ఎవరు? మీ దుకాణమేగా?"

జవాబు లేనప్పుడు గొంతు పెంచడం నా అలవాటు. కుండల ఉదాహరణ మొదలుపెట్టాను. మూత, పొట్ట, ఉట్టి, అంతా చేతులతో చూపిస్తూ చెప్పాను. చుట్టూ తుపాకులు పట్టుకుని నిలబడ్డ రైతులు నవ్వడం మొదలుపెట్టారు.

"కుండల సంగతి ఇంటికెళ్లి మీ ఆవిడకు చెప్పు" అన్నాడు సారు. జవాను నా భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకుపోయాడు. కాగితం మీద "పనికిరాదు" అని పడింది.

అంతా అయ్యాక ఆమె ముందుకు వచ్చి నెమ్మదిగా అడిగింది.

"గట్ల రాస్తె ఏమైతది సారూ?"

"తుపాకీ అప్పగించి వెళ్లాలి. లైసెన్సు రద్దవుతుంది."

"మరి మక్కకు?"

"మక్కకేంటమ్మా?"

"ఇంకిన్ని దినాలైతె కంకి పాలు వడ్తది. పందులు దిగుతయి. నేనొక్కదాన్ని."

ఆయన తర్వాతి తుపాకి తెమ్మన్నాడు. ఆమె అక్కడే ఒక రాయి మీద కూర్చుంది. ఏడవలేదు, బతిమాలలేదు. మిగతా తుపాకులన్నీ ఒక్కొక్కటి పేలుతుంటే చెవులు కూడా మూసుకోకుండా కూర్చుంది. చివరికి సారు లేచి, జీపు దాకా పోయి, వెనక్కి వచ్చాడు.

"దీని సొంత తూటా అంటూ ఉంటే తెచ్చుకోండి. వచ్చే నెల తనిఖీలో ఇంకోసారి చూస్తాను. ఆ రోజు పేలకపోతే మళ్లీ నన్నడగొద్దు. అప్పటిదాకా తుపాకీ దుకాణంలో ఉంటుంది."

నేను అరిచి సాధించలేనిది ఆమె కూర్చుని సాధించింది. అప్పుడు నాకు అది తోచలేదు. అప్పుడు నాకు సేఠ్ మీద కోపమే పని.

"తుపాకి చూడకుండ తూటా ఎట్ల ఇచ్చిన్రు?" అని దుకాణం మెట్ల మీదనే మొదలుపెట్టాను.

"ఎనిమిది అడిగిండు, ఎనిమిది ఇచ్చిన. తొమ్మిది ఇచ్చిన్నా? కైకు గుస్సా?"

"జర్మన్‌దో దేశీదో అడగొద్దా?"

"జర్మన్ తూటాలు మన దగ్గర ఉన్నయా, అడగనీకె? ఉంటె గద మియా అడుగుడు!"

ఆ మాట నిజం. విదేశీ తూటాలు రావడం అప్పటికే ఆగిపోయింది. జర్మన్ ఎనిమిది మా అరలో కనపడి ఏళ్లయింది. ఎక్కడ దొరుకుతాయో కూడా ఎవరికీ తెలియదు. చిచ్చా పాత జ్ఞాపకంతో హైదరాబాద్ పాతబస్తీలో ఒక దుకాణం గుర్తులు చెప్పాడు. సేఠ్ దుకాణం తరఫున కాగితాలు రాసి ఇచ్చాడు. గొణిగాడు, కానీ ఇచ్చాడు. నేను బస్సు ఎక్కాను. ఒకసారి పోతే దుకాణం మూసి ఉంది. ఇంకోసారి పోతే యజమాని ఊళ్లో లేడు. మూడోసారి పోతే దొరికాడు. దళసరి కళ్లద్దాల ముసలాయన.

"జర్మన్ ఎనిమిదియా?" అని నన్ను కింది నుంచి మీది దాకా చూశాడు. "అడిగేటోళ్లు పోయిన్రు. వాళ్ల తుపాకులు గోడలకెక్కినయ్. నువ్వెక్కడి నుంచి లేచొచ్చినవ్?"

నిచ్చెన వేసి అటక మీద వెతికి ఒక చినిగిన పెట్టె దించాడు. సగం ఖాళీ. మిగిలినవాటి ఇత్తడికి పచ్చటి చిలుము. నాకు మాత్రం బంగారంలా కనపడ్డాయి.

ఆ తిరుగుళ్ల మధ్య ఆమె వారం అంగడికి వచ్చినప్పుడల్లా దుకాణంలోకి తొంగి చూసేది. "దొరికినయా తమ్మీ?" అనేది. లేదంటే నీళ్లు అడిగి తాగి, కాసేపు కూర్చునేది. గోడకు వేలాడుతున్న కొత్త దేశీ రైఫిల్‌ను దించమని, చేతిలోకి తీసుకుని బరువు చూసేది. "గిది పట్టనీకె అల్కగున్నది గదా" అనేది. పొద్దు పోక చూస్తోంది అనుకున్నాను. "అల్కగ ఉంటె అయిపాయెనా అక్కా, గదేం తుపాకి, గిదేం తుపాకి!" అని జర్మన్ దాని గొప్పతనం కేటలాగు లెక్కలతో సహా వినిపించేవాణ్ని. ఓపికగా విని, తల ఊపి వెళ్లేది.

రెండో తనిఖీ రోజు చిచ్చా కూడా వచ్చాడు. ప్రతి తూటానూ గుడ్డతో తుడిచాడు, చెవి దగ్గర పెట్టి ఊపి చూశాడు, చివరికి నాతో గుసగుసగా అన్నాడు.

"ముసలియి రా బాబూ ఇవి. పలుకుతయో పలుకయో, ఎవలికి ఎరుక?"

"పాతయి యాడికి పోవు అంటివి గదా చిచ్చా?"

"పోవు అన్న. పలుకుతయి అన్ననా?"

లైసెన్సు ఎవరిదో వాళ్లే పేల్చాలన్నాడు సారు. ఆమె కొంగు నడుముకు చుట్టి, తుపాకి భుజానికి ఆనించి, మట్టి గట్టు వైపు తిప్పింది. తూటా ఈసారి వెన్నలోకి కత్తి దిగినట్టు లోపలికి పోయింది. నేను సారు ముఖం చూశాను. ఆయన చూడలేదు. ఆమె నొక్కింది.

టక్.

అంతే. తూటా అడుగున తుపాకి సూది తగిలిన చప్పుడు, ఇంకేమీ లేదు.

"కదలకు బిడ్డా, అట్లనే పట్టు" అని చిచ్చా అరిచాడు. పాత తూటా ఆలస్యంగా పేలవచ్చు. ఆమె గట్టు వైపే గురి ఉంచి నిలబడింది. ఏమీ కాలేదు. చిచ్చా దాన్ని తీసి పక్కన ఇసుక డబ్బాలో పెట్టాడు. రెండోది పెట్టింది.

టక్.

రైతుల్లో ఎవడో "కుండ పగిలింది పో" అన్నాడు. పోయిన తనిఖీనాటి నా ఉదాహరణ వాళ్లు మరిచిపోలేదు. సారు జేబులోంచి కలం తీశాడు. బస్సు తిరుగుళ్లు, సేఠ్ గొణుగుడు, ఆమె చేను, అన్నీ ఒక్కసారే నా కళ్ల ముందు తిరిగాయి.

"ఇంకొకటి సారూ" అంది ఆమె, వెనక్కి తిరగకుండానే.

"కానివ్వమ్మా."

మూడోది క్వారీ అంతా దద్దరిల్లేలా పేలింది. గట్టు మీద మట్టి లేచింది. రాళ్ల సందుల్లోంచి పావురాలు గుంపుగా ఎగిరాయి. ఆమె తుపాకి దించి, భుజం తడుముకుని, "పలికింది" అంది. సారు "పనికిరాదు" అన్న మాటను కొట్టేసి, దాని పైన "బాగుగా పనిచేయుచున్నది" అని రాసి, నావైపు చూసి, "ఏమయ్యా కుండలాయనా, తృప్తేనా?" అన్నాడు. తృప్తే. అంత తృప్తి నాకు ఉద్యోగంలో మళ్లీ కలగలేదు. సాయంత్రం సేఠ్ మా అందరికీ సమోసాలు తెప్పించాడు.

ఆ వారం తిరగకముందే నేను ఏదో పని మీద బయటికి పోయి దుకాణానికి వచ్చేసరికి గోడకు కొత్త రైఫిల్ లేదు. దాని కొక్కేనికి జర్మన్ ఎనిమిది వేలాడుతోంది.

"ఇదేంది సేఠ్ సాబ్?"

"మీ అక్క వచ్చింది. కాగితాలు చేపిచ్చుకున్నది. పాతది ఇచ్చింది, కొత్తది కొంటవోయింది, ఒక పెట్టె తూటాలు గూడ" అని సేఠ్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "నీ జర్మన్ బీబీ పుట్టింటికొచ్చింది మియా!"

నేను అన్నం తినలేదు. నిజం చెబుతున్నాను. ఎవరికోసం తిరిగాను? దేనికోసం అందరి ముందు కుండల మనిషిని అయ్యాను? పాత తుపాకి పక్షాన నిలబడాల్సిన చిచ్చా కూడా, "గా కొత్తది నేనే నూనె వేసి ఇచ్చిన, మంచి పనితనమే" అన్నాడు. ఆ మాటకు చిచ్చాతో కూడా రెండు రోజులు మాట్లాడలేదు. ఆమె తర్వాత తూటాలకు వచ్చినప్పుడు, "ఎందుకిచ్చినవక్కా?" అని అడిగాను. "చేను మంచిగున్నది తమ్మీ" అని నవ్వి పోయింది. మరుసటి ఏడు అడిగితే వానల సంగతి చెప్పింది. జర్మన్ ఎనిమిదిని ఎవరో హైదరాబాద్ పెద్దమనిషి ముచ్చటపడి తీసుకుపోయాడు. కాగితం మీద సారు రాసిన ఆ మంచి మాట ఉంది కాబట్టి మంచి బేరమే పలికింది. ఎక్కడో అద్దాల బీరువాలో ఉండి ఉంటుంది.

తుపాకుల పిచ్చి ఉన్న పిల్లలు ఇప్పటికీ నా దగ్గరికి వచ్చి, ఏ తూటా నిలుస్తుంది తాతా, కొత్తదా పాతదా అని అడుగుతారు. నాకు కోపం వస్తుంది, కానీ చెబుతాను. కేటలాగు ముందు పెట్టుకుని లెక్కలు వేయకండి. మా సేఠ్ సాసర్లో చాయ్ పోసుకుంటూ చెప్పిందే నిజమైంది. పక్క ఊరి దుకాణంలో దొరికేదే నిలిచింది. ఆ దేశీ ఎనిమిది ఇప్పటికీ నడుస్తోంది. ఇంకో సంగతి కూడా చెబుతాను. మేమంతా కొత్తది కొత్తది అని ముఖం చిట్లించిన ఆ దేశీ ఎనిమిది తూటా పుట్టుక వెతికితే, అది జర్మన్ దానికి ఇంచుమించు ఈడుదే. ఎప్పుడో ఆస్ట్రియా సైన్యం కోసం పుట్టి, అక్కడ ముసలిదై, మన దేశం వచ్చి కొత్తదని పేరు తెచ్చుకుంది. ఈ సంగతి కేటలాగులో పట్టుకున్న రోజు చిచ్చాకు చదివి వినిపించాను. ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. అంతకాలం ఇద్దరు ముసలివాళ్లలో ఎవరు పడుచు అని తగాదా పడ్డాం.

ఆమె సంగతి మాత్రం నాలో అట్లాగే ఉండిపోయింది. దుకాణం మూసేసే ముందు సంవత్సరం అనుకుంటాను, కొమురవెల్లి జాతరలో కనపడింది. దేవుడికి పట్నం ముగ్గు వేయించి, నుదుటి నిండా బండారి పసుపు పెట్టుకుని, చెట్టు నీడన మనవరాలికి అటుకులు తినిపిస్తోంది. నన్ను చూసి పక్కన జాగా చూపించింది. కూర్చున్నాను. ఈసారి చేను సంగతి, వానల సంగతి ఎత్తనివ్వకుండా ముందే అడిగాను. ఇచ్చేదే ఉంటే నన్ను అన్నిసార్లు హైదరాబాద్ ఎందుకు తిప్పినట్టు అని. ఆమె చేతులు దులుపుకుని, నా వైపు తిరిగింది.

"పందులకు జర్మనీదేదో దేశీదేదో ఎరుకనా తమ్మీ? మోత ఇనవడితె ఉరుకుతయి. తూటా దొరికే తుపాకి గావాలె నాకు, గంతే. నేనైతె క్వారీల రాయి మీద కూసున్ననాడే అనుకున్న, ఇచ్చేస్త అని. కని మా ఇంటాయన దాన్ని పసిపోరిని తుడిసినట్టు తుడిసేటోడు. ఆయన పోయి ఏడాది తిరుగలే, దాని మీద ఖరాబని రాసిరి. ఖరాబు పేరు వెట్టుకోని మా ఇంట్లకెల్లి పోవుడేంది? మంచిగున్నదని రాపిచ్చుకోనే పోవాలె. నీకు ముందుగాలనే చెప్తె, నువ్వు బస్సెక్కుదువా మరి?"